వెంట్రుకవాసి సందు

హైస్కూలు చరిత్ర పాఠంలో 1857 వచ్చిందంటే ఆ ప్రశ్న తప్పదు. సిపాయిల తిరుగుబాటుకు తక్షణ కారణమేమి? జవాబు అందరికీ కంఠతా వచ్చు: కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త. రెండు మార్కుల ప్రశ్న. నేనూ అదే రాశాను, రెండు మార్కులూ తెచ్చుకున్నాను. అసలు తూటాకు కొవ్వు పూయాల్సిన అవసరం ఏమొచ్చిందని మా తరగతిలో ఎవరమూ అడగలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. వెతుక్కుంటూ వెళితే చివరికి ఒక కొలత దగ్గర తేలాను. 0.009 అంగుళం. మన లెక్కలో 0.23 మిల్లీమీటరు. రెండు తెల్లకాగితాలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంత మందమో, దాదాపు అంత.

ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపలి వెడల్పుకూ, అందులోకి దిగే సీసపు బుల్లెట్టు వెడల్పుకూ ఉన్న తేడా అది. రెండు పక్కలకూ పంచితే ఒక్కో వైపు 0.11 మి.మీ. మిగులుతుంది. మనిషి తల వెంట్రుక మందం 0.07 నుంచి 0.1 మి.మీ. వరకూ ఉంటుంది. వెంట్రుకవాసి అని మనం మాటవరసకు అంటుంటాం, ఇక్కడ అక్షరాలా అదే. ఆ సందు ఎంత ఉండాలి, దాన్ని దేనితో పూడ్చాలి అన్నదాని మీదే మూతివైపు నుంచి మందు దట్టించే రైఫిళ్ల కథంతా నడిచింది.

చిన్నప్పుడు వెదురు తుపాకీ చేసుకున్నవాళ్లకు ఈ సంగతి చెప్పకుండానే తెలుసు. జానెడు వెదురు గొట్టం, అందులో బిగుతుగా దిగే పుల్ల, నీళ్లలో నానబెట్టి పిసికిన పాత నోటుపుస్తకం కాగితం. ఒక ఉండ చేసి గొట్టం చివరిదాకా తోస్తాం. రెండో ఉండ వెనక పెట్టి పుల్లతో ఒక్క తోపు తోస్తే మధ్యలో ఉన్న గాలి నలిగి, ముందున్న ఉండ టప్పున ఎగురుతుంది. ఉండ కాస్త చిన్నదైతే గాలి పక్కనుంచి జారిపోయి తుస్సుమంటుంది. పెద్దదైతే అసలు లోపలికే పోదు, పుల్ల విరుగుతుంది. ఎంత తడి ఉండాలో, ఎంత గట్టిగా పిసకాలో చేతికి తెలియడానికి ఒక మధ్యాహ్నం పట్టేది. ఐరోపా తుపాకీ పనివాళ్లకు అదే విషయం తేల్చుకోవడానికి శతాబ్దాలు పట్టింది.

ముందుగా గాడులు లేని తుపాకీ సంగతి. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు తరతరాలుగా మోసిన మస్కెట్ గొట్టం లోపలి వెడల్పు సుమారు 0.75 అంగుళం, అంటే 19 మి.మీ. అందులో వేసే సీసపు గుండు సుమారు 0.69 అంగుళం, 17.5 మి.మీ. తేడా 1.5 మి.మీ. గుండు బరువు 32 గ్రాములు. ఇంత సందు ఉంటే గొట్టంలో ఎంత మసి పట్టినా గుండు గలగలా దిగిపోతుంది. తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి మూడుసార్లు పేల్చేవాడు, అంటే 20 సెకన్లకు ఒకటి. కానీ మందు పేలినప్పుడు పుట్టే గాలిలో చాలా భాగం ఆ సందులోంచే పారిపోతుంది. గుండు గొట్టం గోడలకు అటూ ఇటూ కొట్టుకుంటూ వచ్చి, చివరిసారి ఏ గోడను తాకిందో దాన్నిబట్టి ఒక పక్కకు పోతుంది. 1814లో జార్జ్ హ్యాంగర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి తన పుస్తకంలో లెక్క చెప్పాడు: మస్కెట్‌తో 80 గజాల్లో మనిషిని కొట్టవచ్చు, 100 గజాల్లోనూ తగలవచ్చు, 200 గజాల మనిషికి గురిపెట్టడమూ చంద్రుడికి గురిపెట్టడమూ ఒకటే. అందుకే ఆ రోజుల్లో సైన్యాలు భుజం భుజం రాసుకుంటూ వరుసల్లో నిలబడేవి. ఒక తుపాకీకి గురి లేదు కనక, వంద తుపాకులు ఒకేసారి పేల్చాలి.

గుండు ఇలా దారి తప్పడానికి కారణం కనిపెట్టినవాడు బెంజమిన్ రాబిన్స్. 1742లో తుపాకీ శాస్త్రం మీద ఆయన పుస్తకం వచ్చింది. గొట్టంలోంచి వచ్చే గుండు తనచుట్టూ తాను ఏదో ఒక దిక్కుకు తిరుగుతూ వస్తుంది, ఆ తిరుగుడే దాన్ని పక్కకు లాగుతుంది అన్నాడు. రుజువు కోసం మస్కెట్ గొట్టం చివరను ఎడమకు వంచి పేల్చాడు. వంపు ఎడమకు ఉన్నా గుండు చివరికి కుడికి తిరిగింది. మరి ఆ తిరుగుడును మన చేతిలోకి తెచ్చుకుని, గుండు పోయే దారినే ఇరుసుగా తిప్పితే? గొట్టం లోపల మెలికలు తిరిగే గాడులు కోస్తే జరిగేది అదే. గాడులున్న తుపాకులు, అంటే రైఫిళ్లు, అప్పటికే వేటగాళ్ల దగ్గర ఉన్నాయి. వాటి గుట్టు పూర్తిగా తెలుసుకుని వాడుకున్న దేశానిదే పైచేయి అవుతుందని రాబిన్స్ ముందే రాశాడు. ఈ మనిషి కథ మన తీరంలోనే ముగిసింది. కంపెనీ కోటలను బాగుచేసే ప్రధాన ఇంజనీరుగా 1750లో ఇక్కడికి వచ్చి, 1751 జూలైలో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. అప్పటికి ఆయన వయసు 44.

గాడుల వల్ల గురి వచ్చింది. దాంతోపాటే తలనొప్పీ వచ్చింది. గుండు గాడుల్లో కరుచుకుంటేనే తిరుగుతుంది. కరుచుకోవాలంటే గొట్టానికి సరిపడా లావుండాలి. అంత లావుంటే మూతి దగ్గరే ఆగిపోతుంది. బయటికి వచ్చేటప్పుడు బిగుతుగా ఉండాల్సిందే, లోపలికి పోయేటప్పుడు వదులుగానూ ఉండాల్సిందే. తొలినాటి రైఫిళ్లలో సీసపు గుండును సుత్తితో కొట్టి, ఇనప కడ్డీతో మోది దించేవాళ్లు. మెత్తటి సీసం ఆ దెబ్బలకు నలిగి గుండ్రదనం పోగొట్టుకునేది. గుండ్రదనం పోయాక గాల్లో సరిగ్గా పోదు. సగం దారిలో ఇరుక్కుందంటే గొంతులో పచ్చి వెలక్కాయే.

1800లో ఇంగ్లీషు సైన్యం తీసుకున్న బేకర్ రైఫిల్ ఈ చిక్కుకు మంచి ఉదాహరణ. గొట్టం 0.625 అంగుళం, గుండు 0.615. తేడా 0.01 అంగుళం, పావు మిల్లీమీటరు. మస్కెట్ సందులో ఆరోవంతు. గొట్టం పొడవు 30 అంగుళాలు, గాడులు 7, అవి గొట్టం మొత్తానికి పావుచుట్టు మాత్రమే తిరుగుతాయి. పౌను సీసానికి 20 గుండ్లు, ఒక్కోటి 22.7 గ్రాములు. మొదట్లో ఇద్దరు సిపాయిలకు ఒకటి చొప్పున చిన్న చెక్క సుత్తులు కూడా ఇచ్చారు. గుండును మూతిలోకి దించడానికి. కొద్దికాలానికే వాటిని వెనక్కి తీసుకున్నారు, ఎందుకంటే నూనె రాసిన పల్చటి తోలుముక్కో బట్టముక్కో చుట్టి గుండును దించడం సుత్తి కన్నా మెరుగని తేలింది. ఆ ముక్కలు దాచుకోవడానికి తుపాకీ మడమలో ఇత్తడి మూతతో ఒక చిన్న గూడు ఉండేది.

ఈ బట్టముక్క ఉపాయమే నాకు ఈ కథలో అన్నిటికన్నా ముచ్చటైనది. ఐరోపా నుంచి వెళ్లిన పనివాళ్లు పెన్సిల్వేనియాలో పొడుగు రైఫిళ్లు చేసినప్పుడు దీన్ని చేతివాటంగా మార్చుకున్నారు. ఇవాళ్టికీ ఆ పద్ధతిలో కాల్చేవాళ్లు అమెరికాలో, ఐరోపాలో వేలమంది ఉన్నారు. వాళ్లు ఎక్కువగా వాడే అర అంగుళం రైఫిల్నే తీసుకుని లెక్క చూద్దాం. గొట్టం 12.7 మి.మీ. గుండు 0.490 అంగుళం, 12.45 మి.మీ., బరువు పదకొండున్నర గ్రాములు. మధ్యలో పావు మిల్లీమీటరు సందు. బట్ట మందం 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. గుండు చుట్టూ తిరుగుతుంది కాబట్టి రెండు పక్కలా కలిపి 0.76. గుండుకు కలిపితే 13.21 మి.మీ. ఇప్పుడు గాడుల లోతు పక్కకు పావు మిల్లీమీటరు చొప్పున లెక్కేస్తే, గాడి అడుగు నుంచి ఎదుటి గాడి అడుగుకు 13.2. అంటే గాడుల మధ్య మిట్టల దగ్గర బట్ట నలిగి పల్చబడుతుంది, గాడుల్లో మాత్రం అడుగంటా నిండుతుంది. సీసం ఇనుమును తాకనే తాకదు. గాడులను పట్టుకునేది నూలుబట్ట. ఆ బట్ట గుండును పట్టుకుని తిప్పుతుంది. గుండు బయటికి రాగానే బట్ట విడిపోయి కొన్ని అడుగుల దూరంలో నేలమీద పడుతుంది.

దట్టించే తీరు ఇదీ. కాల్చేవాడు ముందుగా తుపాకీ ఖాళీగా ఉందని కడ్డీ దించి చూసుకుంటాడు. ఖాళీ గొట్టానికి కడ్డీ ఎంతవరకు దిగుతుందో, నిండిన గొట్టానికి ఎంతవరకు దిగుతుందో కడ్డీ మీద రెండు గీతలు గీసి ఉంటాయి. తర్వాత ముందుగా కొలిచి చిన్న సీసాలో పోసి ఉంచుకున్న మందును గొట్టంలో ఒంపుతాడు. మందుకొమ్ము నుంచి నేరుగా ఎప్పుడూ పోయడు. గొట్టం అడుగున ఒక్క నిప్పురవ్వ మిగిలి ఉన్నా కొమ్ములోని మందంతా చేతిలోనే అంటుకుంటుంది. మూతి మీద నూనె రాసిన బట్టముక్క పరిచి, దానిమీద గుండు పెట్టి, బొటనవేలితో నొక్కుతాడు. పొట్టి పిడితో ఒక్క గుద్దు గుద్దితే గుండు మూతి దాటుతుంది. ఇక పొడుగు కడ్డీని మూతికి జానెడు ఎత్తులో పట్టుకుని, జానెడు జానెడుగా తోసుకుంటూ దించుతాడు. పైచివర పట్టుకుని తోస్తే చెక్క కడ్డీ విరిగి అరచేతిలో దిగబడుతుంది. గుండు మందును తాకిందని కడ్డీ మీది గీత చెబుతుంది. మధ్యలో ఖాళీ మిగలకూడదు. సగం దారిలో ఆగిన గుండు వెనక మందు పేలితే గొట్టం ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది. అన్నీ అయ్యాకే నిప్పు పుట్టించే క్యాప్ పెడతాడు. అది చివరి పని, ఎప్పటికీ చివరి పనే.

బట్ట ఎలాంటిది? దగ్గరగా నేసిన నూలు. అక్కడివాళ్లు పరుపులకు, దిండ్లకు వాడే చారల బట్ట ఎంచుకుంటారు. తడి కోసం కొవ్వో, నూనెలో కరిగించిన మైనమో, ఏదీ లేకపోతే నోట్లో పెట్టుకుని తడిపిన ఉమ్మో. పేల్చిన తర్వాత కాల్చినవాడు ముందుకు నడిచి ఆ బట్టముక్కను ఏరుకుని వెలుతురుకు పెట్టి చూస్తాడు. మధ్యలో గుండ్రంగా మసి, చుట్టూ శుభ్రంగా ఉంటే కొలత కుదిరినట్టు. చిల్లులు పడి కాలితే వేడిగాలి పక్కనుంచి పోయింది, బట్ట పల్చనిదన్నమాట. అంచులు కోసినట్టుంటే గొట్టం మూతి దగ్గర ఎక్కడో పదునైన అంచు మిగిలింది. మా ఊళ్లో నాడి పట్టి చూసే వైద్యుడు ఉండేవాడు. ఇది చదివినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

ఇంత పని చేయడానికి సమయం కావాలి. ఈ తుపాకుల అంతర్జాతీయ పోటీల్లో నిబంధన ఏమిటంటే, 30 నిమిషాల్లో 13 గుళ్లు, అందులో మంచివి 10 లెక్కలోకి. గుండుకు 138 సెకన్లు. మస్కెట్ సిపాయి 20 సెకన్ల పక్కన పెట్టి చూడండి. తీరికగా కాల్చే పోటీకి ఇది చాలు. ఎదురుగా గుర్రాల దండు దూసుకొస్తుంటే చాలదు. అందుకే రైఫిల్ చాలాకాలం వేటగాళ్ల చేతుల్లో, కొద్దిమంది ఏరిన సిపాయిల చేతుల్లో ఉండిపోయింది.

మసి సంగతి చెప్పకపోతే ఇదంతా సగమే అర్థమవుతుంది. నల్లమందు కాలినప్పుడు దాని బరువులో సుమారు 44 శాతమే గాలిగా మారుతుందని, మిగతా 56 శాతం గట్టి పదార్థంగానే మిగులుతుందని 1870లలో నోబుల్, ఏబెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. ఎన్‌ఫీల్డ్ తూటాలో మందు 68 గ్రెయిన్లు, 4.4 గ్రాములు. అందులో 56 శాతమంటే రెండున్నర గ్రాములు. చాలావరకు తెల్లటి పొగగా బయటికి పోతుంది, మిగిలింది గొట్టం గోడలకు అంటుకుంటుంది. వేలు పెట్టి చూస్తే ముందు పొడిపొడిగా గరుకుగా తగులుతుంది, గాలిలో తేమ పీల్చుకున్నాక నల్లటి జిడ్డులా మారి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. పావు మిల్లీమీటరు సందు ఉన్న గొట్టంలో ఇలా పొర మీద పొర పేరుకుంటే, పదో గుండుకో పదిహేనో గుండుకో సందు అనేదే ఉండదు. కొవ్వు అసలు పని ఇక్కడ. కొవ్వు ఆ మసిని మెత్తగా ఉంచుతుంది. తర్వాతి గుండు దిగేటప్పుడు మసిని తనతో తుడుచుకుంటూ పోతుంది. పరీక్షలో మేం రాయని జవాబు ఇదే.

1820ల నుంచి ఐరోపా సైన్యాలన్నీ ఒకే ప్రశ్న మీద కూర్చున్నాయి. వదులుగా దిగి, అడుగున చేరాక లావెక్కే గుండు చేయగలమా? ఫ్రాన్సులో డెల్వీన్ 1826లో గొట్టం అడుగున మందు గదిని సన్నగా చేసి, దాని అంచు మీద గుండు ఆగేలా చేశాడు. కడ్డీతో నాలుగు దెబ్బలు వేస్తే అక్కడే చదునై గాడుల్లోకి పాకుతుంది. 1844లో తువెనాఁ అడుగున ఒక ఇనప మేకు నిలబెట్టి, దానిమీద బుల్లెట్టును మోదించాడు. రెండింటిలోనూ సీసం నలిగేది సిపాయి చేతి బలంతో. ఒక్కొక్కడి చెయ్యి ఒక్కోలా ఉంటుంది కాబట్టి గురీ ఒక్కోలా ఉండేది. ఇంగ్లండు 1830ల చివర్లో తెచ్చిన బ్రన్స్‌విక్ రైఫిల్‌కు రెండే గాడులు, గుండుకు ఆ గాడుల్లో ఇమిడే నడుంపట్టీ. మసి పట్టిందంటే దాన్ని దించడానికి ఒంట్లో బలమంతా కావలసి వచ్చేది.

దారి చూపిన ఆలోచన మాత్రం దక్షిణ భారతం నుంచే వెళ్లిందని చెబుతారు. 34వ రెజిమెంటుకు చెందిన కెప్టెన్ జాన్ నార్టన్ ఇక్కడ ఉన్నప్పుడు, వేటగాళ్లు ఊదుగొట్టంతో బాణాలు వదలడం చూశాడట. బాణం వెనక చివర మెత్తటి బెండు ఉంటుంది. నోటితో ఊదగానే ఆ బెండు ఉబ్బి గొట్టానికి అతుక్కుంటుంది, ఊపిరి వృథాగా పోదు. 1823లో ఆయన అడుగు బోలుగా ఉన్న బుల్లెట్టు చేశాడు. పేలుడు గాలే ఆ బోలును లోపలినుంచి ఉబ్బించి గాడుల్లోకి నెడుతుంది. చేతి బలంతో పని లేదు. ఇంగ్లీషు సైన్యం దాన్ని పక్కనపెట్టింది. 1836లో విలియం గ్రీనర్ అనే తుపాకీ పనివాడు అలాంటిదే తెస్తే దాన్నీ తిరగ్గొట్టింది. 1849లో ఫ్రెంచి కెప్టెన్ మినియే అదే సూత్రంతో, బోలులో చిన్న ఇనప గిన్నె పెట్టి బుల్లెట్టు చేశాడు. అప్పుడు అదే ఇంగ్లండు మినియేకు 20,000 పౌండ్లు ఇచ్చింది. గొడవ చేసి చేసి గ్రీనర్ 1857లో 1,000 పౌండ్లు రాబట్టుకున్నాడు. ఊదుగొట్టం వేటగాడి పేరు ఎక్కడా నమోదు కాలేదు. ఇరవై వేలకు, వెయ్యికి, సున్నాకు మధ్య ఉన్న ఈ తేడా చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఈ సూత్రం మీదే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ వచ్చింది. గొట్టం 0.577 అంగుళం, బుల్లెట్టు 0.568, బరువు 530 గ్రెయిన్లు అంటే 34 గ్రాములు. గొట్టం పొడవు 39 అంగుళాలు, గాడులు 3, అవి 78 అంగుళాలకు ఒక చుట్టు చొప్పున, అంటే గొట్టం మొత్తంలో అరచుట్టు తిరుగుతాయి. నిమిషానికి మూడు గుళ్లు మస్కెట్‌లాగే, గురి మాత్రం రైఫిల్‌ది. గురిచూసే పట్టీ మీద అంకెలు 900 గజాలు, ఆపైనా ఉండేవి. 1800లో ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాల్సి వచ్చిన రెండూ ఒకే తుపాకీలో చేరాయి.

దీని తూటా ఒక కాగితపు గొట్టం. ఒక చివర మందు, రెండో చివర బుల్లెట్టు. బుల్లెట్టు తలకిందులుగా ఉంటుంది, మొన మందువైపు, బోలు అడుగు బయటివైపు. సిపాయి మందు ఉన్న చివరను పంటితో కొరికి చింపి, మందును గొట్టంలో పోస్తాడు. తర్వాత తూటాను తిరగేసి, కొవ్వు పూసిన బుల్లెట్టు చివరను మూతిలో దూరుస్తాడు. మిగిలిన ఖాళీ కాగితాన్ని చింపి పారేసి, బుల్లెట్టును దాని చుట్టూ ఉన్న కాగితంతో సహా కడ్డీతో దించుతాడు. పెన్సిల్వేనియాలో బట్ట చేసిన పనే ఇక్కడ కాగితం చేస్తుంది. వెంట్రుకవాసి సందును పూడ్చేది ఆ కాగితమూ, దానిమీది కొవ్వూ.

గమనించారా, కొరికే చివర ఒకటి, కొవ్వు ఉన్న చివర ఇంకొకటి. కొంతమంది చరిత్రకారులు ఈ మాట చెప్పి సిపాయిలది ఉట్టి భ్రమ అన్నట్టు తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. తూటాలు కట్టలుగా కట్టి ఉంటాయి, మన ఎండలకు కొవ్వు కరిగి కాగితంలోకి పాకుతుంది. అది ముట్టుకున్న వేళ్లతోనే కదా ఇంకో చివర నోటికి పోయేది. ముట్టుకుంటేనే మైల అనుకునే ఇంట్లో పుట్టినవాడికి మూడంగుళాల దూరం ఏం ఊరట? పైగా కొవ్వు ఏ జంతువుదో చూసుకోమని కంపెనీ పెద్దలు ముందుగా ఎవరికీ చెప్పలేదు. 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో ఈ మాట బయటపడ్డాక, ఆ నెలాఖరుకే సిపాయిలు తమకు ఇష్టమైన నెయ్యో మైనమో పూసుకోవచ్చన్నారు. ఆ తర్వాత పంటితో కొరకొద్దు, చేత్తో చింపితే చాలన్నారు. అప్పటికే అనుమానం కాగితం మీదికి కూడా పాకింది. కాగితం మెరుస్తోందేం, అందులోనూ కొవ్వు ఉందా అని. ఏప్రిల్ 24న మీరట్‌లో ఆ కొత్త పద్ధతి చూపించడానికే 90 మంది రౌతులను నిలబెట్టారు. వాళ్లకిచ్చినవి ఎప్పటినుంచో వాడుతున్న పాత తూటాలు. 85 మంది ముట్టుకోలేదు. మే 9న వాళ్లను అందరిముందూ సంకెళ్లు వేసి జైలుకు పంపారు. మే 10న మీరట్ అంటుకుంది.

పంటితో కొరికే ఆ పని ఎందుకు అంత ముఖ్యమో కవాతు చూస్తే తెలుస్తుంది. ఒక చేతిలో తుపాకీ, ఇంకో చేతిలో తూటా, మూడో చెయ్యి లేదు కనక పళ్లు. 1607లో డచ్చి చిత్రకారుడు జాకబ్ డి గైన్ మస్కెట్ వాడకాన్ని 43 బొమ్మల్లో గీసి చూపించాడు. 1855 నాటి అమెరికా కవాతు పుస్తకానికి వచ్చేసరికి దట్టించడం 9 ఆజ్ఞలకు తగ్గింది. తర్వాత వచ్చిన అమెరికా అంతర్యుద్ధంలో ముందుపళ్లు లేనివాణ్ణి డాక్టర్లు వెనక్కి పంపేవాళ్లు. తొమ్మిది పనులూ కళ్లు మూసుకుని చేసేలా నెలల తరబడి తర్ఫీదు ఇచ్చేవాళ్లు. అయినా భయం ముందు తర్ఫీదు ఎంత నిలుస్తుందో గెటిస్‌బర్గ్ చెప్పింది. 1863 జూలైలో మూడు రోజుల పోరు ముగిశాక నేలమీద ఏరిన తుపాకులు 27,574. వాటిలో సుమారు 24,000 దట్టించి ఉన్నాయి. సుమారు 12,000 తుపాకుల్లో ఒకదానిమీద ఒకటి రెండు తూటాలు, ఆరు వేల తుపాకుల్లో మూడు నుంచి పది. ఒకదాంట్లో 23. క్యాప్ పెట్టడం మరిచిపోయాడో, పెట్టినా పేలలేదో, చుట్టూ మోతలో తన తుపాకీ పేలిందనే అనుకుని ఆ మనిషి మళ్లీ తూటా తీశాడు. ఇరవైమూడుసార్లు. కడ్డీ ప్రతిసారీ ఇంకాస్త పైనే ఆగింది, చూడలేదు. పోటీల్లో కాల్చేవాళ్లు కడ్డీ మీద ఆ గీత ఎందుకు గీసుకుంటారో నాకు ఈ అంకె చదివాకే బాగా అర్థమైంది.

తిరిగి మన కొలతకు వస్తాను. తిరుగుబాటును అణచడానికి ఎండాకాలంలో పోరాడిన తెల్ల సిపాయిలకే ఎన్‌ఫీల్డ్ మొరాయించింది. వేడికి కొవ్వు కరిగి కాగితంలోకి ఇంకిపోయింది. మసి ఎండి గరుకెక్కింది. 0.009 అంగుళం సందులో బుల్లెట్టు దిగలేదు. తర్వాత బుల్లెట్టును 0.568 నుంచి 0.550 అంగుళానికి తగ్గించారు. సందు 0.23 మి.మీ. నుంచి 0.69కి పెరిగింది, సరిగ్గా మూడింతలు. అంత సందునూ దాటి గాడుల్ని పట్టుకునేలా ఉబ్బడానికి అడుగు బోలులో చెక్క బిరడా పెట్టారు. పూతలోనూ జంతువుల కొవ్వు తగ్గి మైనం పెరిగింది.

కానీ అప్పటికి భారతీయ సిపాయి చేతిలో ఈ తుపాకీ ఉంచకూడదని నిర్ణయమైపోయింది. 1858 నమూనా పేరుతో వాళ్లకోసం వేరే తుపాకీ చేశారు. పైకి చూస్తే అచ్చం ఎన్‌ఫీల్డే. గొట్టం లోపలి వెడల్పు మాత్రం 0.656 అంగుళం, గాడులు ఒక్కటీ లేవు. 1866లో ఇంగ్లండు తన ఎన్‌ఫీల్డ్‌లను అడుగువైపు కోసి, వెనకనుంచి తూటా పెట్టే స్నైడర్ రైఫిళ్లుగా మార్చడం మొదలుపెట్టింది. నిమిషానికి పది గుళ్లు, మూతివైపు నుంచి దించాల్సిన పనే లేదు. అప్పటికి మన సిపాయి ఇంకా నున్నటి గొట్టంలో పైనుంచి మందు పోసి, కడ్డీతో దట్టించుకుంటూనే ఉన్నాడు.